పాలు తాగిన ఒపల్

నవంబర్ 11, సోమవారం

ఏడాది అయిపోవస్తుండగా డైరీ మొదలుపెట్టే మనిషి ఈ గోదావరిఖనిలో నేనొక్కదాన్నే అయివుంటాను. లక్ష్మీనగర్ బట్టల షాపువాళ్ళు జనవరిలో ఇచ్చారు దీన్ని. ఇన్నాళ్ళూ దీని మీద వేడి గిన్నెలు దించుకున్నాం. ఇప్పుడు పని పడింది. ఇంట్లో మాట్లాడే మనిషి లేనప్పుడు ఎక్కడో ఒకచోట మాట్లాడుకోవాలి కదా.

మనిషి లేక కాదు, కట్టుకున్న బావ ఉన్నాడు. నిలువెత్తున ఉన్నాడు. మొన్న శనివారం సాయంత్రం బొగ్గుబాయి నుంచి వచ్చి, బూట్లు విప్పుతూ గోడకు చెప్పినట్టు చెప్పాడు.

"గోలేటికి ట్రాన్స్‌ఫర్ అయింది. ఒకటో తారీకు పోవాలె. నేనొక్కన్నే పోత. రూం తీసుకుంట."

నేను మగ్గం ముందు కూర్చుని ఒక పెళ్ళికూతురి బ్లౌజు చేతులకు పూసలు కుడుతున్నాను. తల ఎత్తలేదు. "పో," అన్నాను.

అంతే. అక్కడ ఆగిపోయాం ఇద్దరం. నువ్వు వస్తావా అని ఒక్క మాట అడగలేదు. పదేళ్ళ నుంచి సంపాదించుకున్న గిరాకీ వదులుకుని రానని నేనే అనేదాన్నేమో, అది వేరే సంగతి. అడగాలి కదా! ఆయనే అనుకున్నాడు, ఆయనే తేల్చుకున్నాడు, రూం కూడా ఆయనే తీసుకుంటాడట. ఇక నా అవసరం ఏముంది?

బావకేమో నేను చటుక్కున పో అన్నానని కోపం. ఉండనీ. నాకు ఆవగింజంత బాధ కూడా లేదు.

నవంబర్ 12, మంగళవారం

మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో.

నవంబర్ 13, బుధవారం

మా పిల్ల కరీంనగర్ హాస్టల్లో ఉంది కాబట్టి మా ఇద్దరి మధ్యా రాయబారం అంతా మా అత్తమ్మ మీద పడింది. సొంత మేనత్తే అత్తయితే ఎంత సుఖమో అని పెళ్ళప్పుడు అందరూ అన్నారు. ఆ సుఖం ఇప్పుడు చూస్తున్నాను.

"అమ్మా, కూరల ఉప్పు తక్కువైందని చెప్పు," అంటాడు బావ, నేను ఎదురుగా గరిటె పట్టుకుని నిలబడి ఉండగానే.

"ఉప్పు డబ్బా ముందే ఉన్నదని చెప్పు అత్తమ్మా," అంటాను నేను.

"ఆడ ఉన్నదట," అంటుంది మా సారవ్వత్త, డబ్బా జరుపుతూ. నాలుగు మాటలు మోయగానే చాయ్ పెట్టమంటుంది. గొంతు ఎండిపోతోందట.

ఇవాళ సాయంత్రం చిన్న డబ్బీ ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "వాడిచ్చిండు. నీకియ్యమన్నడు."

"ఏంది?"

"నాకేమెర్క? నువ్వే చూడు."

ఇచ్చినవాడు బాత్రూములో ఉన్నాడు. బాయి నుంచి రాగానే ఒకసారి స్నానం అయింది. మళ్ళీ బక్కెట్లకు బక్కెట్లు గుమ్మరిస్తున్నాడు.

వెండి ఉంగరం. రాయి చింతగింజంత. పైకి పాలమీగడ రంగు, అంతే కదా అనుకున్నాను. చెయ్యి కదిలించేసరికి లోపల ఆకుపచ్చ మెరిసింది. ఇటు తిప్పితే నారింజ, అటు తిప్పితే నీలం, కొంచెం వంచితే మూలన ఎక్కడో చిటికెడు ఎరుపు. నా పూసల డబ్బాలన్నిటికీ ఒకేసారి మూతలు తీసినట్టుంది. డబ్బీ లోపల చీటీ మీద ఒపల్ అని రాసి ఉంది.

నాకు నచ్చిందని కాదు. బాగుంది, అంతే.

వేలికి పెట్టుకోలేదు. నోటితో ఇస్తే చేత్తో తీసుకుంటాను. తల్లి చేత పంపితే బీరువాలో పెడతాను. పెట్టాను. పడుకునే లోపు మళ్ళీ తీసి చూశాను, తాళం సరిగ్గా పడిందో లేదో చూడాలి కదా.

నవంబర్ 14, గురువారం

అత్తమ్మ నాకు చెప్పకుండా మంథని వేదవ్యాస్ పంతులుకు ఫోన్ చేసింది. మా ఇంట్లో కొత్త గ్యాస్ పొయ్యి వెలిగించాలన్నా ఆయన్ను అడగాల్సిందే. ఫోన్ స్పీకర్లో పెట్టి నా మగ్గం మీద ఆనించింది.

"ఒపలా? శుక్రునిదమ్మా అది! వజ్రం పెట్టుకోలేనోళ్ళకు అదే వజ్రం," అన్నాడు పంతులు. "ఆలుమగల నడుమ పొత్తు కుదురుస్తది. రేపు శుక్రవారం, పైనుంచి కార్తీక పున్నమి. గిసొంటి రోజు మళ్ళ రాదు. ఈ రాత్రి పచ్చిపాలల్ల వెయ్యుండ్రి. పొద్దుగాల తానం చేసి, దీపం ముట్టిచ్చి పెట్టుకోవాలె."

"పాలు ఎన్ని పొయ్యాలె పంతులూ?"

"మునిగేటన్ని."

పొత్తు అనే మాట దగ్గర అత్తమ్మ నా వైపు ఓరగా చూసింది. నేను దారం కొరుక్కుంటూ కూర్చున్నాను.

సరేనన్నాను. పెద్దమనిషి ముచ్చట పడింది, కాదనడం ఎందుకు? రేపు పొద్దున పెట్టుకుంటాను. పెట్టుకున్నాక బావ చూస్తాడు. చూశాక ఏమంటాడో నాకు అనవసరం. ఏ చీర కట్టుకోవాలో మాత్రం తేల్చుకోవాలి.

నవంబర్ 15, శుక్రవారం

రాయి చచ్చిపోయింది.

మళ్ళీ రాస్తున్నాను. పొద్దున గ్లాసులోంచి ఉంగరం తీస్తే ఒక్క రంగు లేదు. మీగడ రంగు కూడా పోయింది. గాజుపెంకులా, సన్నటి పసుపు జీరతో, అవతలి వేలి గీతలు కూడా కనిపిస్తున్నాయి. కడిగాను, తుడిచాను, కిటికీ దగ్గర పట్టుకుని ఎన్ని రకాలుగా తిప్పాలో అన్ని రకాలుగా తిప్పాను.

అత్తమ్మ గ్లాసులోకి తొంగి చూసి, "ఇన్ని పోసిన, ఇన్నే ఉన్నయ్. తాగిందే! రాయి పాలు తాగింది!" అని గ్లాసుకే దండం పెట్టింది.

పాలు తాగడమేంటి? పాలలో వేస్తే రంగు దిగిందంటే అది రంగు పూసిన గాజు. బావను ఎవరో నిలువునా ముంచారు. లేదా తెలిసే తెచ్చాడు. పోయేముందు ఏదో ఒకటి చేతిలో పెట్టి పోదామని. అంతేలే, నా విలువ అంతే.

"బావకు చెప్పకు అత్తమ్మా," అన్నాను.

"నేనెందుకు చెప్త?" అంది.

సాయంత్రం తులసి దగ్గర దీపాలు పెడుతుంటే బావ వచ్చాడు. ముందు నా చేతుల వైపు చూశాడు. బోసి వేళ్ళు. అన్నం మారు పెట్టించుకోలేదు. మోసం జరిగింది నాకు, ముఖం వేలాడేసుకున్నది ఆయన!

నవంబర్ 16, శనివారం

పక్క క్వార్టర్ సమ్మవ్వ కుంకుమ భరిణె, రెండు బంతిపూలు పట్టుకుని వచ్చింది. "పాలు తాగిన రాయి ఏదే సంధ్యారాణి? ఒకసారి చూపియ్, మొక్కిపోత."

బావకు చెప్పనంది అత్తమ్మ. బావకు తప్ప మా లైనులో అందరికీ చెప్పింది.

నవంబర్ 18, సోమవారం

ఈ రోజు చాలా రాయాలి.

డబ్బీ అడుగున లక్ష్మీనగర్ దుకాణం పేరు ఉంది. మధ్యాహ్నం చీర కొంగు బిగించుకుని వెళ్ళాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి పేరు భవ్య. మాటల్లో తెలిసింది, వేదవ్యాస్ పంతులు కూతురేనట! జైపూర్‌లో రాళ్ళ చదువు చదివి వచ్చిందట. నేను ఉంగరం కౌంటర్ మీద పెట్టి, "గాజుపెంకులు అమ్ముతున్నరా?" అని గట్టిగానే అడిగాను. పక్కన ముక్కుపుడకలు చూస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు చూడటం మానేశారు.

ఆ పిల్ల ఉంగరం వాసన చూసింది. రాయిని వాసన చూడటం నేనెక్కడా చూడలేదు.

"పాలల్ల వేసిండ్రా అక్కా?"

"మంథని పంతులు చెప్పిండు."

"మా నాయిననే. ముత్యానికి పాలే, పగడానికి పాలే, ఒపల్‌కూ పాలే. చెప్పి చెప్పి నా నోరు నొస్తున్నది," అంది తల పట్టుకుని.

తర్వాత భూతద్దం ఇచ్చి అంతా చెప్పింది. ఇది ఇథియోపియా నుంచి వచ్చే ఒపల్. అసలుదే. దీనికి సొంత రంగంటూ లేదట. లోపల కంటికి కనిపించనంత చిన్న గుండ్లు వరుసగా పేర్చినట్టు ఉంటాయట. ఆ గుండ్ల వరుసల్లో వెలుతురు పడి రంగులుగా విడిపోతుందట. ఈ రకం రాయి మాత్రం నీళ్ళు తగిలితే స్పాంజిలా పీల్చుకుంటుందట. సందులన్నీ నిండిపోతే వెలుతురు విడిపోకుండా నేరుగా దాటిపోతుంది. అందుకే గాజులా కనిపిస్తోంది. పరదేశాల్లో ఒకప్పుడు ఒపల్ అంటే అరిష్టం అని భయపడేవాళ్ళట, మన దగ్గరేమో శుక్రుడికి పెట్టి పెళ్ళిళ్ళు కుదురుస్తున్నాం అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"అన్నకు మంచిగ చెప్పిన గదక్కా. తడి తగలద్దు, గిన్నెలు తోమినా తీసి పక్కకు పెట్టాలె, సెంటు కూడ కొట్టద్దు అని. ఇంట్ల చెప్తనన్నడు. చెప్పలేదా?"

ఎలా చెబుతాడు? మాటలు బందు కదా. తల్లికి డబ్బీ ఇచ్చి, జాగ్రత్తలన్నీ నోట్లోనే పెట్టుకున్నాడు.

"చెప్పిండు. నేనే మర్చిపోయిన," అన్నాను.

"మూడు సార్లు వచ్చిండక్కా అన్న. కెంపు చూపిస్తే, ఇది ఒక్కటే రంగు, మా ఆమె రంగురంగుల పనిచేస్తది, ఆమె కంటికి ఆనదు అన్నడు. ఇది చూసినంక ఇంకోటి ముట్టలే. ఇది ఇస్తే మాట్లాడతదా అని నన్నే అడిగిండు. నాకేం తెలుసక్కా?"

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. దుకాణంలో అందరి ముందు ఏడిస్తే ఏం బాగుంటుంది? అందుకని ఉంగరంలో రాయి వదులుగా ఉందని ఆ పిల్లతో గొడవ పెట్టుకున్నాను. పాపం, బిగించి ఇచ్చింది. రాయి లోపలి పాలు బయటికి రావాలంటే డిస్టిల్డ్ వాటర్‌లో వేసి రోజూ నీళ్ళు మార్చమంది. ఆ తర్వాత నీడలో, గాలికి, దానంతట అది ఆరాలి. ఎండలో పెట్టినా, పొయ్యి దగ్గర పెట్టినా పగిలిపోతుందట.

"రంగులు వస్తయా?"

"నీళ్ళల్ల పడితే మళ్ళ వచ్చేదక్కా. పాలు గద... మొత్తం వస్తదని మాటియ్యలేను."

ఇంటికి వస్తూ ఒక నిర్ణయానికి వచ్చాను. రాయికి రంగు రానీ, వేలికి పెట్టుకుని నేనే ముందు మాట్లాడతాను. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని మాట్లాడను? రంగు వచ్చిన మరుక్షణం మాట్లాడతాను. ఖాయం.

నవంబర్ 19, మంగళవారం

డిస్టిల్డ్ వాటర్ కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు, ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డబ్బా ఇంట్లోనే ఉంది. బావ బాయిలో ఎలక్ట్రీషియన్. ఇంట్లో వైరు ముక్క జరిగినా కనిపెడతాడు. సాయంత్రమే పట్టేశాడు.

"అమ్మా, బ్యాటరీ నీళ్ళు ఎవరు తాగుతున్నరో అడుగు."

"దాహమైనోళ్ళు తాగుతరని చెప్పు అత్తమ్మా."

బావ పెదాలు కదిలాయి. నవ్వబోయి ఆపుకున్నట్టే అనిపించింది. లేక తిట్టబోయాడో.

నవంబర్ 22, శుక్రవారం

నీళ్ళలోంచి తీసి ఆరబెట్టాను. మగ్గం కింద స్టీలు పళ్ళెంలో పెట్టి, పైన సన్నటి మల్లు గుడ్డ కప్పాను. ఈ ఊళ్ళో మూత లేకుండా ఏది పెట్టినా బొగ్గు దుమ్ముకు సాయంత్రానికి నల్లబడాల్సిందే. మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ జరిగినప్పుడు పళ్ళెం గలగలమంది. నేను ఉంగరం మీద చెయ్యి అడ్డం పెట్టాను. కుక్కపిల్లను బుజ్జగించినట్టు ఏదో అన్నాను కూడా. అత్తమ్మ వినేసింది.

నవంబర్ 23, శనివారం

ఇప్పుడు మజ్జిగలా తెల్లబడింది. అటు గాజూ కాదు, ఇటు ఒపలూ కాదు. భవ్యకు ఫోన్ చేస్తే ఆరేటప్పుడు అట్లనే ఉంటదక్కా, ఓపిక పట్టుండ్రి అంది. ఓపికట! నన్ను అడగాల్సిన వస్తువేనా అది?

నవంబర్ 24, ఆదివారం

బావ గోలేటి వెళ్ళి రూం చూసి వచ్చాడు. మంచిర్యాల దాటాక రోడ్డు బాగుందట, రూంలో నల్లా వస్తుందట. ఇవన్నీ అత్తమ్మకు చెబుతున్నాడు, నాకు వినిపించేంత గట్టిగా. వంటగది ఉందో లేదో మాత్రం చెప్పలేదు. నేను అడగలేదు.

నవంబర్ 26, మంగళవారం

వచ్చింది! ఆకుపచ్చ! ఒక మూలన, సూది మొనంత. గుడ్డ తీసి తల వంచగానే తళుక్కుమంది. నేను ఇల్లు ఎగిరిపోయేలా కేక పెట్టాను.

బావ వెనక గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. సగం గడ్డం గీసుకుని, సగం నురగతో. "ఏమైంది? సూది గుచ్చుకున్నదా?" అన్నాడు.

నాతో! నా ముఖం చూసి! ఇన్ని రోజుల తర్వాత!

నేను చటుక్కున గుడ్డ కప్పేసి, "బల్లి అని చెప్పు అత్తమ్మా," అన్నాను.

అత్తమ్మ ఇంట్లో లేదు. సమ్మవ్వ దగ్గరికి పోయింది.

బావ మెడ మీదికి కారిన నురగ తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

నవంబర్ 27, బుధవారం

బల్లి. బల్లి అన్నాను. నా నోటికి ఇంకో మాట దొరకలేదా?

నవంబర్ 28, గురువారం

ఆకుపచ్చ కొంచెం పెరిగింది. నీలం కూడా ఉంది. రాయికి తొందర లేదు, నాకే తొందర. ఇంకో వారం ఆగితే మొత్తం వస్తుందేమో. ఇంకో వారం లేదు.

నిజం రాస్తాను, దీన్ని చదివేది నేనే కదా. రంగు రాలేదని మాట్లాడటం లేదు అనుకుంటున్నాను. రంగు వచ్చినా ఇంకేదో వంక దొరికేది. ఆయన నన్ను అడగకుండా వెళ్ళిపోతాడేమోనని నాకు భయంగా ఉంది. అలా ఒకసారి వెళ్ళిపోయాడంటే ఆ తర్వాత ఏం మాట్లాడుకున్నా అతుకు వేసినట్టే ఉంటుంది.

నవంబర్ 30, శనివారం

బావ బ్యాగు సర్దుకున్నాడు. రెండు జతల డ్యూటీ బట్టలు, దుప్పటి, ఒక పళ్ళెం, ఒక గ్లాసు. ఆ ఒక్క గ్లాసు చూసి నాకు ఒళ్ళు మండింది, తర్వాత ఏడుపొచ్చింది, తర్వాత మళ్ళీ ఒళ్ళు మండింది. ఎవరికోసమో ఎండుమిర్చి దంచుతున్నట్టు వంటింట్లో చప్పుడు చేస్తూ కూర్చున్నాను. కారంపొడి సీసా అప్పటికే నిండుగా ఉంది.

రాయి సగం వెలిగింది. సగం ఇంకా మజ్జిగే. రేపటికి రాదు.

డిసెంబర్ 1, ఆదివారం

పొద్దున బావ బ్యాగు బండికి కట్టుకుంటున్నాడు. అత్తమ్మ గుమ్మంలో కూర్చుంది. సమ్మవ్వ తన వరండాలో ఊడ్చిందే ఊడుస్తోంది.

నేను సగం రాయి ఉంగరాన్ని వేలికి పెట్టుకుని వెళ్ళి, ఆయన కళ్ళ ముందు చెయ్యి చాచాను.

"బావా, పాలల్ల నానబెట్టిన. సగం పోయింది," అన్నాను.

బావ తాడు వదిలేసి నా చెయ్యి పట్టుకున్నాడు. ఉంగరాన్ని ఎండకు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎర్కే. సమ్మవ్వ పెనిమిటి నర్సింగమన్న బాయి కాడ చెప్పిండు, మీ ఇంట్ల రాయి పాలు తాగుతదట గద అని. షిఫ్టు షిఫ్టంత నవ్విండ్రు."

"తెలిసి కూడ నోరు తెరవవా?"

"నువ్వు పో అంటివి గద."

"నువ్వు అడగకపోతివి గద."

"ఏమడగాలె?"

అది కూడా నేనే చెప్పాలా! ముఖం పక్కకు తిప్పుకుని, "అత్తమ్మా, ఏమడగాలెనో చెప్పు," అన్నాను.

అత్తమ్మ లేచి నిలబడింది. "నేను చెప్ప. మీ మాటలు మోసి మోసి నా నడుం వంగింది. ఈ ఒక్క మాట మీరే మోసుకోండ్రి," అని లోపలికి పోయింది.

బావ అటు చూశాడు, ఇటు చూశాడు. సమ్మవ్వ చీపురు ఆగిపోయింది. ఆరుగురు మగవాళ్ళను వెంటేసుకుని చీకటి బాయిలోకి దిగే మనిషి, నా ముందు నిలబడి చెమటలు కక్కాడు.

"రమ్మంటే నీ పని పాడైతదని నేనే ఒక్కన్ని పోతన్న. నువ్వు కాదంటే ఇనాల్సి వస్తదని భయమైంది." ఆగాడు. "సంధ్యా, నాతోని గోలేటికి వస్తవా?"

అడిగాడు. నోరు తెరిచి, నా పేరు పెట్టి, వీధిలో నిలబడి అడిగాడు.

"రాను," అన్నాను.

బావ ముఖం చూడాలి!

"ఇప్పుడు రాను. పెండ్లి బ్లౌజులు కుప్పవడి ఉన్నయ్. పుష్యమాసంల ముహూర్తాలుండయ్, నాకు పనుండది. అప్పుడొస్త, నెలంత ఉంట. మాఘంల మళ్ళ పెండ్లిళ్ళు మొదలైతయ్, అప్పుడు నువ్వే రావాలె. ప్రతి ఆదివారం."

"ఆదివారం ఓవర్‌టైం ఉంటే?"

"నన్నడుగు. నేను చెప్త."

ముందు ఎవరు నవ్వారో తెలియదు. సమ్మవ్వే నవ్వినట్టుంది. ఇన్ని రోజులు ఆ ఒక్క ప్రశ్న కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసి, అడగగానే రాననేశాను. రానని చెప్పడంలో ఇంత సంతోషం ఉంటుందని నాకు తెలియదు.

బండి చౌరస్తా మలుపు తిరిగేదాకా బావ నవ్వుతూనే ఉన్నాడట. అత్తమ్మ చెప్పింది. నాకు కనిపించలేదు, నేను కళ్ళు తుడుచుకుంటున్నాను.